నౌపడ–గుణుపూర్ పాత నేరో గేజ్ లైన్: పాడుబడ్డ స్టేషన్ వయసు, మూసిన కాలం తేల్చేదెలా?

కట్టమీదబాట (ప్రశ్న)

టెక్కలికీ పాతపట్నానికీ మధ్య ఒకచోట, ఇప్పటి బ్రాడ్ గేజ్ (పట్టాల మధ్య ఎడం ఎక్కువున్న) లైన్‌కి కాస్త ఎడంగా పాత కట్ట తుప్పల్లో కలిసిపోయి ఉంది. దాని పక్కనే రెండు గదుల రాతి కట్టడం. పైకప్పు కూలిపోయింది, బెంగుళూరు పెంకు ముక్కలు లోపల గుట్టగా పడున్నాయి. వసారా స్తంభాలు పాత రైలు పట్టాలే, నిలువునా పాతారు. ఎదురుగా అడుగు ఎత్తు రాతి అరుగు, అది ప్లాట్‌ఫారం అయ్యుండాలి. పక్కన పూడిపోయిన బావి. ఒక గోడ మీద ఆకుపచ్చ రంగు కింద ఇంకేదో రంగు కనిపిస్తోంది.

ఊళ్లో అడిగితే "రాజావారు కట్టించిన స్టేషను, 1900 నాటిది" అంటున్నారు. మూసింది మాత్రం ఒకరు 2004 అంటే, ఇంకొకరు అంతకన్నా ఎంతో ముందే అంటున్నారు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, మిగిలిన నాలుగు పట్టా ముక్కలకు ఇనుము దొంగలకు దారి చూపినట్టవుతుంది.

నాకు కావాల్సినవి: కట్టడం నిజంగా 1900 నాటిదేనా, ఎప్పుడు వాడకం ఆగింది, ఎందుకు వదిలేశారు. ఏ కాగితాలు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.

---

ఎగువలైన్

ముందు లైన్ చరిత్ర. తేదీలు గట్టిగా తెలిస్తేనే మిగతాది నిలబడుతుంది.

ఇది పర్లాకిమిడి లైట్ రైల్వే. రాజా గౌరచంద్ర గజపతి తన సంస్థానాన్ని నౌపడ దగ్గర మెయిన్ లైన్‌కి కలపడానికి వేయించారు. గేజ్, అంటే రెండు పట్టాల మధ్య ఎడం, 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మి.మీ. సుమారు ఏడు లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ–పర్లాకిమిడి ముక్క, దాదాపు 40 కి.మీ., 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా పొడిగింపు 1929, 1931లో రెండు విడతలుగా వచ్చింది. మొత్తం లైన్ 90 కి.మీ. కాబట్టి పర్లాకిమిడికి అవతల ఏ స్టేషన్ చూపించి 1900 అన్నా నమ్మక్కర్లేదు. మీది ఇవతలి వైపు కనుక 1900 సాధ్యమే. అయితే లైన్ 1900 నాటిదైనంత మాత్రాన దాని మీది ప్రతి గదీ 1900 నాటిది కాదు. లైట్ రైల్వేల్లో మొదట తాటాకు పందిరో రేకుల షెడ్డో వేసి బండి నడిపేవాళ్లు. రాబడి కనిపించాక పక్కా గది కట్టేవాళ్లు. ఈ లైన్ మొదటి పదేళ్లూ నష్టాల్లోనే నడిచింది, 1920ల మధ్య నుంచి లాభాలు పెరిగాకే పొడిగింపు ఆలోచన వచ్చింది. చిన్న ఊళ్లలో రాతి స్టేషన్లు కట్టే డబ్బు ఏ కాలంలో ఉండి ఉంటుందో ఇక్కడే తెలుస్తుంది.

యాజమాన్యం మారిన వరుస: రాజావారి లైన్, తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) కిందికి వచ్చింది. 1944లో బీఎన్ఆర్‌ని ప్రభుత్వం తీసుకుంది. 1952లో ఈస్టర్న్ రైల్వే, 1955 ఆగస్టు 1 నుంచి సౌత్ ఈస్టర్న్ రైల్వే, 2003 ఏప్రిల్ 1 నుంచి ఈస్ట్ కోస్ట్ రైల్వే. గేజ్ మార్పిడి కోసం 2004 జూన్‌లో నేరో గేజ్ బళ్లు ఆపేశారు. బ్రాడ్ గేజ్ మీద 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపూర్ దాకా బండి వచ్చింది.

ఈ వరుసతో మీ గోడ మీది రంగుకి పని పడుతుంది. ఈస్ట్ కోస్ట్ రైల్వే కింద నేరో గేజ్ నడిచింది పద్నాలుగు నెలలే. గోడ మీదో బోర్డు మీదో ఎక్కడైనా ఆ రైల్వే పేరు గానీ "పూ.త.రే." అనే హిందీ పొడి అక్షరాలు గానీ ఉంటే ఆ స్టేషన్ దాదాపు చివరి రోజు దాకా బతికినట్టే. సౌత్ ఈస్టర్న్ గుర్తు "ద.పూ.రే." మాత్రమే ఉంటే చివరి దాకా నడిచిందో లేదో తేలదు. పద్నాలుగు నెలల్లో ప్రతి చిన్న హాల్ట్‌కీ కొత్త రంగు వేయరు కదా.

---

సిగ్నల్‌తీగ

స్తంభాలుగా పాతిన పట్టాలే మీకు మంచి ఆధారం. పట్టా నడుము మీద, అంటే తలకీ పాదానికీ మధ్య పలచని భాగంలో, ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. ఫ్యాక్టరీలో రోలింగ్ అప్పుడే పడే అచ్చు అది. తయారీదారు పేరు, గజానికి ఎన్ని పౌన్లు, సంవత్సరం, చాలాసార్లు కొనుక్కున్న రైల్వే పొడి అక్షరాలు కూడా వస్తాయి. కొన్నిటి మీద సంవత్సరం పక్కన నెలని గీతలుగా పెడతారు.

చదివే పద్ధతి: తీగల బ్రష్‌తో తుప్పు పొర మాత్రం రాల్చండి. గ్రైండర్ పెట్టొద్దు, ఉబ్బు ఎత్తు ఒక మిల్లీమీటరు చిల్లరే, తుప్పుతో పాటు అక్షరమూ పోతుంది. తర్వాత సుద్దముక్క పక్కవాటుగా రుద్దండి. పొద్దు వాలాక టార్చిని పట్టాకి ఆనించినట్టు పెట్టి, వెలుతురు అక్షరాలకు అడ్డంగా పడేలా ఫొటో తీయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనపడదు. అక్షరాలు కొంత దూరానికోసారి తిరిగి వస్తాయి, ఒకచోట పోతే కిందా పైనా వెతకండి, సగం మట్టిలో ఉండొచ్చు. లోపలికి గుచ్చినట్టున్న అంకెలు వేరు, అవి హీట్ నంబర్లు, అంటే ఉక్కు కరిగించిన విడత నంబర్లు. "1907" అని గుచ్చి ఉంటే అది సంవత్సరం అనుకుని మోసపోయేవాళ్లు ఎక్కువ.

టాటా పేరు ఉంటే ఆ పట్టా 1912కి ముందుది కాదు, జంషెడ్‌పూర్‌లో ఉక్కు మొదలైందే అప్పుడు. ఇంగ్లండ్, జర్మనీ కంపెనీల పేర్లుంటే అంతకు ముందువీ కావచ్చు, తర్వాతవీ కావచ్చు. బరువు కిలోల్లో ఉంటే మెట్రిక్ కాలం.

అక్షరాలు పూర్తిగా పోయినా బరువు కట్టొచ్చు. కోసిన కొస దొరికితే దాని మీద కాగితం పెట్టి అంచు గీయండి, గ్రాఫ్ కాగితం మీదికి ఎక్కించి చదరపు సెంటీమీటర్లు లెక్కపెట్టండి. ఆ సంఖ్యని 0.785తో గుణిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది, దాన్ని 0.496తో భాగిస్తే గజానికి పౌన్లు. 38 చ.సెం.మీ. వస్తే 29.8 కిలోలు, అంటే 60 పౌన్ల పట్టా. తుప్పు తిన్న పట్టా ఐదు పది శాతం తక్కువ చూపిస్తుంది, దగ్గర్లో పైనున్న ప్రామాణిక బరువుకి సర్దుకోండి.

ఇంతా చేసి పట్టా సంవత్సరాన్ని కట్టడానికి అంటగట్టకూడదు. స్తంభానికి కొత్త పట్టా ఎవరూ వాడరు. లైన్ మీద అరిగిపోయి తీసేసిన పట్టానే పాతుతారు. పట్టా మీద 1898 ఉంటే వసారా 1898కి ముందుది కాదు, అంతే. ఎంత తర్వాతదో దాంతో తెలియదు. పైగా మెయిన్ లైన్ నుంచి తీసేసిన బరువైన పట్టాలు చిన్న లైన్ స్టేషన్లకు స్తంభాలుగా వచ్చేవి. స్తంభం 75 పౌన్లదైతే అది ఈ లైన్ మీద పరిచినది కాదనుకోవచ్చు.

చుట్టుపక్కల ఇళ్లలో దూలాలు, పశువుల పాకల గుంజలు కూడా చూడండి. 762 గేజ్ చెక్క స్లీపర్ 5 అడుగుల పొడవు, 7 అంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల మందం. 9 అడుగులది బ్రాడ్ గేజ్‌ది. మేకుల బెజ్జాలు ఉంటాయి కాబట్టి మామూలు కలపతో పొరపాటు పడరు.

గోడ సంగతి: సున్నం గారతో కట్టిందైతే 1930కి ముందుదనుకోవచ్చు. సందులో గార మేకుతో గీస్తే పొడిగా రాలి, లేత గులాబీ రంగు ఉంటే సుర్కీ (ఇటుక పొడి) కలిపిన సున్నం.

---

ఫెయిర్‌అడంగల్

సిగ్నల్‌తీగ గారూ, పట్టాల సంగతి అంతా సరే, చివరి మాట మాత్రం ఒప్పుకోలేను. గ్రామీణ పనుల్లో సున్నం గార 1950ల దాకా నిక్షేపంగా నడిచింది. సున్నపు బట్టీ ఊళ్లోనే ఉంటే సిమెంటు బస్తా ఎవరు కొంటారు? యుద్ధకాలంలోనైతే సిమెంటు దొరకడమే కష్టం. గార కన్నా తలుపు, కిటికీ మీది భాగం చూడటం మేలు. రాతి పలకో, ఇటుక ఆర్చో, పట్టా ముక్కో ఉంటే పాత పద్ధతి. కాంక్రీటు లింటెల్, దానితో కలిసిన సన్‌షేడ్ ఉంటే తర్వాతి కాలం. అది కూడా అసలు గోడతో కలిపి పోశారా, తర్వాత తొలిచి పెట్టారా అని చుట్టూ గార తేడా చూడాలి. పెంకు ముక్కల అడుగువైపు ఫ్యాక్టరీ పేరు ఉంటుంది. ఆ పేరు కప్పు వేసిన కాలాన్ని చెబుతుంది, గోడ కాలాన్ని కాదు.

ఇక కాగితాలు. ఈ ప్రాంతంతో చిక్కేమిటంటే జిల్లా మారుతూ వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. అప్పుడు పర్లాకిమిడి పట్నం అటు వెళ్లింది, పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. శ్రీకాకుళం పేరుతో 1920ల కాగితం వెతికితే ఏమీ రాదు. 1936కి ముందువి గంజాం పేరుతో చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, కొన్ని భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. రైల్వే బోర్డు ఫైళ్లకు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి దగ్గరే వెతుక్కోవచ్చు. పర్లాకిమిడి, పర్లాకిమెడి, పర్లాఖెముండి, పరలాఖెముండి, అన్ని స్పెల్లింగులూ కొట్టండి. ఒకదానికి వచ్చే ఫైలు ఇంకోదానికి రాదు.

రెవెన్యూ వైపు: ఇవి జమీందారీ గ్రామాలు. రైత్వారీ ఊళ్లలో దొరికే పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్లు ఇక్కడ ఆశించొద్దు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిపి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సర్వే నంబర్ల వారీ భూమి రిజిస్టరు) మీకు మూలం. తహసీల్దార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగండి, దాంతో పాటే ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) పటం. రైల్వే భూమి పొడవాటి సన్న పట్టీలా ఒక సర్వే నంబరుగా ఉంటుంది. ఆ పట్టీ ఎక్కడ ఒక్కసారిగా ఉబ్బిందో అక్కడే స్టేషన్ యార్డ్. రీసర్వే అయిన ఊరైతే ఇప్పుడు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చి ఉంటాయి, పాత నంబరు–కొత్త నంబరు పట్టిక కూడా తీసుకోకపోతే రెండూ కలవవు.

సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లలో (నేల వివరాల పటాల్లో) టెక్కలి షీట్ నంబరు 74 బి/2లో, నౌపడ 74 బి/6లో వస్తాయి. గుణుపూర్ వైపు 65 ఎం. షీట్ అంచున సర్వే చేసిన సంవత్సరం, ముద్రించిన సంవత్సరం వేరువేరుగా ఉంటాయి. సర్వే సంవత్సరమే లెక్కలోకి తీసుకోండి. 1930ల సర్వేని 1960లలో మళ్లీ ముద్రించిన షీట్ పట్టుకుని "1960ల్లో స్టేషన్ ఉంది" అనేయడం మామూలుగా జరిగే తప్పు.

మూసిన కాలానికి ముందుగా చూడాల్సింది టైమ్‌టేబుల్. జోనల్ టైమ్‌టేబుళ్లు, ఇండియన్ బ్రాడ్‌షా (దేశం మొత్తం రైళ్ల వేళల పుస్తకం) పాత సంచికలు పాత పుస్తకాల దుకాణాల్లో, రైల్వే అభిమానుల దగ్గర స్కాన్‌లుగా దొరుకుతాయి. ఐదేళ్లకొకటి చొప్పున చూసి, పేరు ఉన్న చివరిదీ లేని మొదటిదీ పట్టుకున్నాక ఆ మధ్య సంవత్సరాలు మాత్రం వెతకండి.

---

ఎగువలైన్

"ఎందుకు వదిలేశారు" అనేదానికి జవాబు నేల మీదే దొరకొచ్చు. నేరో గేజ్ 44 మీటర్ల వ్యాసార్ధం వంపులో కూడా తిరగగలదు. బ్రాడ్ గేజ్‌కి కనీసం 175 మీటర్లు కావాలి, కొత్తగా వేసేటప్పుడు ఇంకా ఎక్కువే పెడతారు. పాత లైన్ చెరువు గట్టుని, గుట్టని చుట్టుకుని వెళ్లినచోట కొత్త లైన్ అడ్డంగా కోసుకుపోతుంది, పాత కట్ట పక్కన చాపంలా మిగులుతుంది. దానికి తోడు బ్రాడ్ గేజ్ స్టేషన్ యార్డ్‌లో వాలు 400కి 1 దాటకూడదు, లూప్ లైన్ (బళ్లు దాటుకోవడానికి పక్కన వేసే దారి) దాదాపు 700 మీటర్లు కావాలి. వంపులోనో ఎక్కుడులోనో ఉన్న చిన్న స్టేషన్‌ని అక్కడే ఉంచడం కుదరదు. మీరు చెప్పిన ఎడం చూస్తే ఇలాంటి చోటే అనిపిస్తోంది.

గూగుల్ ఎర్త్ ప్రోలో పాత చిత్రాల స్లైడర్ ఉంది. 2010కి ముందు చిత్రం దొరికితే బ్రాడ్ గేజ్ మట్టి పని, పాత కట్ట రెండూ ఒకే ఫ్రేములో కనపడతాయి. ఎండాకాలం చిత్రం ఎంచుకోండి, పంట ఉన్నప్పుడు కట్ట జాడ చెరిగిపోతుంది.

అక్కడికి వెళ్లినప్పుడు కట్ట వెడల్పు టేపుతో స్టేషన్‌కి అటూ ఇటూ ప్రతి 20 మీటర్లకీ కొలవండి. ఎక్కడా వెడల్పు పెరగకపోతే లూప్ లేదు, బళ్లు దాటుకునే స్టేషన్ కాదు, టికెట్ ఇచ్చే ఫ్లాగ్ స్టేషనో హాల్టో. వెడల్పు రెండింతలై మళ్లీ తగ్గితే లూప్ ఉంది, ఆ పొడవే లూప్ పొడవు. కిటికీ కింద గోడలో సిగ్నల్ తీగలు బయటికి వెళ్లే కన్నం, కప్పీలు బిగించిన రాళ్లు ఉన్నాయేమో చూడండి. బావి పక్కన ఎత్తైన రాతి దిమ్మె ఉంటే ఆవిరి ఇంజన్‌కి నీళ్లు పట్టిన చోటు. దిమ్మె లేకపోతే ఆ బావి సిబ్బంది తాగునీటికే.

---

కట్టమీదబాట

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే చూశాను. ఒక స్తంభం మీద టాటా పేరు, బీఎన్ఆర్ అక్షరాలు, "193" తర్వాత అంకె తుప్పు తినేసింది. ఇంకో స్తంభం మీద అక్షరాలు లేవు, కొస కొలిస్తే 30 చ.సెం.మీ. వచ్చింది. తలుపు మీద రాతి పలక, కిటికీ మీద కాంక్రీటు. కట్ట ఒకచోట వెడల్పై సుమారు 120 మీటర్ల తర్వాత మళ్లీ సన్నబడింది. వెనక గోడ మీద "ద.పూ." దాకా చదవగలిగాను.

---

సిగ్నల్‌తీగ

30ని 0.785తో గుణిస్తే 23.5 కిలోలు, అంటే 47 పౌన్లు. తుప్పు పోను అది 50 పౌన్ల పట్టా. టాటా పట్టా 1930లది, అరిగి తీసేసేదాకా కనీసం పదేళ్లు లైన్ మీద ఉండుంటుంది. అంటే ఇప్పుడున్న వసారా 1940ల కన్నా ముందుది కాకపోవచ్చు. కానీ వసారా తర్వాత కలిపిందా అన్నది గది గోడకీ వసారా దూలానికీ అతుకు చూస్తే గానీ చెప్పలేం. దూలం కొస గోడ కట్టినప్పుడే లోపల కూర్చోబెట్టారా, లేక గోడ తొలిచి దూర్చి గార పూశారా? తొలిచిన కన్నం చుట్టూ రాయి అంచు పగిలి ఉంటుంది. గార విషయంలో ఫెయిర్‌అడంగల్ గారి మాటే సరి, దాన్ని తేదీకి వాడకండి.

రాతి పలక తలుపు, కాంక్రీటు కిటికీ అన్నారు కాబట్టి గది ముందుది, కిటికీ మరమ్మతు తర్వాతది అనేదే ఎక్కువ నప్పుతోంది. 120 మీటర్ల లూప్ నేరో గేజ్ బండికి సరిపోతుంది, బళ్లు దాటుకున్న స్టేషనే. సౌత్ ఈస్టర్న్ రంగు ఉంది కనుక 1955 దాటి బతికింది, అక్కడిదాకా గట్టిగా రాసుకోవచ్చు.

---

ఫెయిర్‌అడంగల్

మిగిలింది ఆర్‌టీఐతో తేల్చుకోండి. కేంద్ర ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో పది రూపాయలు కట్టి పెట్టొచ్చు, కాపీకి పేజీకి రెండు రూపాయలు. "ఈ స్టేషన్ పూర్తి చరిత్ర ఇవ్వండి" అని రాస్తే "సమాచారం అందుబాటులో లేదు" అని ఒక్క ముక్కలో తిప్పి పంపుతారు. ఎందుకు మూశారని అడిగినా జవాబు రాదు, రికార్డులో ఉన్న కాగితమే ఇస్తారు, కారణాలు రాసి పెట్టరు. కాగితం పేరు పెట్టి అడగండి: స్టేషన్ మూసివేత నోటిఫికేషన్ కాపీ, నేరో గేజ్ కాలం నాటి చివరి స్టేషన్ వర్కింగ్ రూల్స్, యార్డ్ ప్లాన్, ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు దాకా ల్యాండ్ ప్లాన్. కిలోమీటరు నంబర్లు నౌపడ నుంచి లెక్క. పాత కిలోమీటరు రాయి ఒక్కటి దొరికినా పని సులువు.

ఎవరికి పెట్టాలన్నది ఇప్పుడు కాస్త గందరగోళం. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పంపకంలో నౌపడ–పర్లాకిమిడి విశాఖపట్నం డివిజన్‌కీ, పర్లాకిమిడి–గుణుపూర్ రాయగడ డివిజన్‌కీ వెళ్లాయి. 2004 నాటి ఫైళ్లు ఎటు చేరాయో బయటి నుంచి ఊహించడం దండగ. విశాఖపట్నం డివిజన్‌కే పెట్టి, తమ దగ్గర లేకపోతే సెక్షన్ 6(3) కింద సంబంధిత ఆఫీసుకి బదిలీ చేయమని దరఖాస్తులోనే రాయండి. ముప్పై రోజుల్లో జవాబు లేకపోతే మొదటి అప్పీలు.

ఇంకొకటి, పట్టా ముక్క గానీ ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాలను కలిపే ఇనుప పలక) గానీ గుర్తుగా ఇంటికి తెచ్చుకోకండి. వాడకంలో లేకపోయినా అది రైల్వే సొత్తే, రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర పెట్టుకోవడంపై ఉన్న 1966 చట్టం కింద ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కేసు పెడుతుంది, శిక్ష ఐదేళ్ల దాకా. ఫొటోలో పక్కన స్కేలు పెట్టి తీసుకుంటే చాలు.